దీపం పెట్టే ముందు చీకటి కట్టాలి

మా అవ్వకి ఎగతాళి చేయడం రాదు. అందుకే ఐదేళ్ల కిందట నేను మొట్టమొదటగా లైట్లు పెట్టిన అంతరిక్ష నౌక ప్లాస్టిక్ మోడల్‌ని చూసి ఆమె "బెడ్‌లైటు బాగుండాదప్పా, ఎంత పడింది?" అని అడిగితే ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. రెండు నెలలు రాత్రి పదింటి తర్వాత కూర్చుని కట్టిన నౌక అది. స్విచ్ వేశాను, గది వెలిగింది. నౌక పై చిప్పంతా పాలు పోసినట్టు తెల్లగా మెరుస్తోంది, రెండు సగాలు అతికించిన చోట చుట్టూ ఒక వెలుగు గీత, నేను ఒక్కొక్కటిగా తొలిచిన కిటికీలు ఆ తెలుపులో కలిసిపోయి ఎక్కడున్నాయో నాకే కనపడలేదు. అవ్వ ఉన్నమాటే చెప్పింది.

ఆ తర్వాత ఇంకో నాలుగు కట్టాను. ఈ ఐదేళ్లలో నాకు గట్టిగా కుదిరిన నమ్మకం ఒకటుంది, అది చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను. మోడల్‌కి లైటింగ్ చేయడంలో లైట్లు పెట్టే పని పావు వంతు కూడా ఉండదు. మిగతాదంతా వెలుగుని ఆపే పని. వెలగకూడని చోట వెలగకుండా చూడటం, వెలగాల్సిన చోట కూడా బాగా తగ్గించి వెలిగించడం. మా అనంతపురం వైపు చీకటిని మబ్బు అంటాం, "మబ్బులోనే లేచి పోయినాడు" అని. ఆ మబ్బుని ముందు కట్టుకోవాలి, ఇంటికి గోడ కట్టుకున్నట్టు.

దీనికి కారణం లెక్కలోనే ఉంది. నేను ఎక్కువగా కట్టేది స్టార్ ట్రెక్ అనే అమెరికా టీవీ సీరియల్‌లోని ఎంటర్‌ప్రైజ్ నౌక, 1/1000 స్కేలు. కథ ప్రకారం ఆ నౌక పొడవు 289 మీటర్లు, అంటే నా బల్ల మీద 29 సెంటీమీటర్లు, బడిపిల్లల స్కేలు బద్దంత. ఈ స్కేలులో ఒక మిల్లీమీటరు ఒక మీటరుతో సమానం, అర మిల్లీమీటరు కన్నం అర మీటరు కిటికీ. మోడల్‌ని 60 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకుని చూస్తుంటే అసలు నౌకని 600 మీటర్ల దూరం నుంచి చూస్తున్నట్టు లెక్క. ఇప్పుడు చెప్పండి, 600 మీటర్ల అవతల ఉన్న ఇంటి కిటికీ రాత్రిపూట మన కళ్లకి ఎలా కనపడుతుంది?

బుక్కరాయసముద్రం కొండ మీద పొద్దు మునిగేదాకా ఒక్క సాయంత్రం కూర్చుంటే ఇది ఎవరూ చెప్పకుండానే తెలుస్తుంది. ఒక్కో ఇల్లు ఒక్కో చుక్క. ఆ చుక్క తన గోడని కూడా వెలిగించదు, గోడ ఉందని మనకి తెలుసు కానీ కనపడదు. కొన్ని పసుపు, కొన్ని తెలుపు, చాలా కిటికీలు అసలు వెలగనే వెలగవు. చుక్కలు అంత చిన్నగా, అంత మసకగా ఉన్నాయి కాబట్టే కింద ఉన్నది పెద్ద ఊరని మన కన్ను నమ్ముతుంది. మోడల్‌లో కూడా అంతే, కిటికీల వెలుగు పెరిగేకొద్దీ నౌక చిన్నదైపోతుంది. బాగా పెంచితే చివరికి బెడ్‌లైటంత అవుతుంది.

ఈ విద్య మా జిల్లాకి కొత్తదేం కాదు. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఉంది, 2022లో జిల్లాలు విడగొట్టాక అది శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది గానీ నాకు మాత్రం ఇప్పటికీ అనంతపురమే. తోలుబొమ్మలు చేసే కుటుంబాలున్న ఊరు, ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. చిన్నప్పుడు మా మేనమామ వాళ్ల ఊళ్లో ఒక రాత్రి బొమ్మలాట ఆడుతుంటే నేను తెర ముందు కూర్చోకుండా వెనక్కి పోయి చూశాను. మేక తోలుని గీకి, సాగదీసి ఆరబెడితే వెలుగు దాటేంత పలచగా అవుతుంది, దానికి రంగులేస్తారు. నగలు, కిరీటం, చీర అంచు ఉన్నచోట మాత్రం చిన్న ఉలితో కొట్టిన కన్నాలుంటాయి. వెనక నుంచి చూస్తే అవి ఉత్త కన్నాలు. పరిగెత్తి ముందుకొచ్చి చూస్తే సీతమ్మ మెడలో ముత్యాలు. అలా ఆ రాత్రి ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో, మా మామ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేదాకా తిరుగుతూనే ఉన్నాను.

అప్పుడు అర్థం కానిది ఇప్పుడు అర్థమవుతోంది. రంగు పట్టిన తోలు వెలుగులో చాలా భాగాన్ని మింగేస్తుంది, అందుకే కన్నం ముత్యమై మెరుస్తుంది. దీపం ఎక్కడుందో ముందు కూర్చున్నవాళ్లకి తెలియకూడదు, తెలిస్తే ఆట చెడుతుంది. నా మొదటి నౌకలో మింగేదేమీ లేదు. విడి ముక్కలుగా వచ్చే మోడల్ కిట్లలోని పాలిస్టైరిన్ ప్లాస్టిక్ పట్టుకుంటే గట్టిగానే ఉంటుంది గానీ వెనక లైటు పెడితే గోరు కింద టార్చి పెట్టినట్టు వెలిగిపోతుంది.

సీరియల్ షూటింగుకి వాడిన అసలు మోడల్ కథ కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1964లో కాలిఫోర్నియాలో కట్టిన 11 అడుగుల నౌక అది. మొదట కట్టినప్పుడు లోపల దీపాలు లేవు, తర్వాత పెట్టారు. వైర్లు ఎటు నుంచో ఒకటి బయటికి రావాలి కదా, ఎడమ పక్క నుంచి తీశారు. దాంతో కెమెరా దాదాపు ఎప్పుడూ కుడి పక్కనే చూపించేది, ఎడమ పక్క పని పూర్తికాకుండా అలాగే ఉండిపోయింది. 1974లో ఆ నౌక వాషింగ్టన్‌లోని స్మిత్సోనియన్ మ్యూజియంకి చేరింది, బాగుచేసి లోపల ఎల్ఈడీలు పెట్టి 2016లో మళ్లీ జనం ముందుకు తెచ్చారు. దీపం మొదటి లెక్కలో లేకపోతే దాని వైరుకి దారి ఉండదు, ఒక పక్కనే వదులుకోవాల్సి వస్తుంది. అందుకే ఇప్పుడు నేను కిట్ డబ్బా తెరవగానే పెన్సిలు తీసుకుని మొదట గీసేది వైరు దారి. స్టాండుకి సన్న ఇత్తడి గొట్టం, వైర్లన్నీ దాని లోపలి నుంచే కిందికి. పెట్టెలో ఉన్న ఏ భాగమూ ఇంకా ఫ్రేము నుంచి తెంపకముందే ఈ పని అయిపోవాలి.

తర్వాత చీకటి పని. ప్రతి భాగానికీ లోపలి వైపు రెండు పూతలు నల్ల రంగు, అది ఆరాక దాని మీద ఒక పూత వెండి రంగు. నలుపు వెలుగుని బయటికి పోనివ్వదు. కానీ నలుపు ఒక్కటే ఉంటే లోపల పడ్డ వెలుగంతా అదే మింగేసి మూల కిటికీలు గుడ్డివవుతాయి, అందుకని వెండి పూత, అది వెలుగుని లోపలే అటూ ఇటూ విసిరి సమంగా పంచుతుంది. చాలామంది తెల్ల రంగు వేస్తారు, అదీ మంచిదే. అనంతపురం ఎండాకాలంలో 42 డిగ్రీలప్పుడు గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్‌తో కొడితే రంగు ప్లాస్టిక్‌ని తాకేలోపే గాల్లో ఆరిపోయి పొడి పొడిగా, ఇసుక చల్లినట్టు పడుతుంది, నేను తెల్లవారుజామున ఐదింటికి లేచి కొడతాను.

ఆ తర్వాత చేసే పరీక్ష నాకు ఈ పనంతటిలోకీ ఇష్టమైనది. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపేసి, కిటికీకి దుప్పటి కట్టి, పళ్లెంలాంటి పై భాగాన్ని ఇంకా అతికించకుండా టేపుతో తాత్కాలికంగా మూసి, లోపల చిన్న లైటు పెట్టి ఒక ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కళ్లు చీకటికి అలవాటు పడాలి, తొందరపడితే ఏమీ కనపడదు. మూడో నిమిషానికి మొదటి చుక్క కనపడుతుంది, రంగు పలచగా పడ్డచోట సూదిమొనంత. ఆ తర్వాత ఇంకొకటి, అంచు దగ్గర వెంట్రుకంత చార. ఇందాకటిదాకా నిండు నలుపు అనుకున్న చోట నలభై యాభై చుక్కలు తేలతాయి. ఒక్కోదాని మీద బయటి నుంచి పెన్సిలుతో సున్నా చుట్టి, లైటు వేసి, లోపలి నుంచి సన్న కుంచెతో ఒక్కో బొట్టు పెట్టి, మళ్లీ ఆపి, మళ్లీ కూర్చోవడం. పోయిన నౌకకి ఇలా ఆరు రాత్రులు పట్టింది. ఏసీ డక్టులకి వాడే అల్యూమినియం టేపు అంటిస్తే ఒక్క గంటలో అయిపోతుందని కొందరంటారు. నిజమే, వెలుగు అస్సలు దాటదు. కానీ అది లోహం, దాని మీద వైరు పైపూత ఎక్కడ గీసుకున్నా షార్ట్ అవుతుంది, నాకు ఒకసారి అయింది.

కిటికీలు తొలవడం ఇంకో ఓపిక. వేళ్ల మధ్య తిప్పే చేతి డ్రిల్లు, అర మిల్లీమీటరు బిట్టు. ముందు సూదితో చిన్న గుంట పెట్టకపోతే బిట్టు జారి ప్లాస్టిక్ మీద గీత పడుతుంది. గుంట పెట్టి నిదానంగా తిప్పుతుంటే తెల్లటి దారంలా ప్లాస్టిక్ చుట్టుకుంటూ పైకొస్తుంది, ఆ దారం తెగకుండా వస్తున్నంతసేపూ పని సరిగ్గా నడుస్తున్నట్టు. తెగిందంటే నొక్కుతున్నామని అర్థం, ఇంకాస్త నొక్కితే బిట్టు లోపలే విరుగుతుంది. ఒక్కో కన్నంలోకి లోపలి నుంచి ఫైబర్ ఆప్టిక్ దారం, అంటే వెలుగుని మోసుకుపోయే సన్న దారం, దూర్చి తెల్ల ఫెవికాల్‌తో అంటించాలి. క్షణంలో పట్టేసే సూపర్ గ్లూ వాడితే ఆ దారం పెళుసుబారి చిన్నగా కదిపినా పుటుక్కున తెగుతుంది, దాని ఆవిరికి పారదర్శక భాగాల మీద తెల్లటి మసక కూడా పడుతుంది. నౌక చివర్న కాస్త పెద్ద దీపం కావాలంటే ఆ దారం కొసని ఊదుకడ్డీ నిప్పు దగ్గరికి, తగలకుండా, తీసుకెళ్తే అది కరిగి పుట్టగొడుగు తలలా గుండ్రంగా అవుతుంది. ఆ గుండ్రం వెలుగుని అన్ని పక్కలకీ చిమ్ముతుంది. ఊదుకడ్డీకి మించిన సాధనం ఈ పనికి నేను చూడలేదు.

ఇక కరెంటు. ఇక్కడే ఎక్కువమందితో నాకు పేచీ. తెల్ల ఎల్ఈడీకి దాదాపు 3.2 వోల్టులు కావాలి. పాత సెట్‌టాప్ బాక్సు అడాప్టరు 12 వోల్టులు ఇస్తుంది, మిగిలిన 8.8 వోల్టులని రెసిస్టరు మీద, అంటే కరెంటుని అడ్డుకునే చిన్న భాగం మీద, పడేయాలి. మామూలు ఎల్ఈడీకి 20 మిల్లీ ఆంపియర్లు అని అందరూ చదువుతారు, 8.8ని 0.02తో భాగిస్తే 440, దుకాణంలో దొరికే దగ్గరి సైజు 470 ఓమ్‌లు, అదే పెట్టేస్తారు. నేను కూడా మొదటి నౌకలో అదే పెట్టాను. కానీ ఆ 20 అనేది ఎల్ఈడీ తట్టుకునే స్థాయి, అంత ఇచ్చి తీరాలని ఎక్కడా లేదు. ఇప్పటి ఎల్ఈడీలు ఒక్క మిల్లీ ఆంపియరుకే చీకట్లో చక్కగా కనపడతాయి. నా ఇప్పటి నౌకలో కిటికీల వెనక ఉన్నవాటికి 4.7 కిలో ఓమ్‌లు పెట్టాను, అంటే రెండు మిల్లీ ఆంపియర్ల లోపు. మూసేసిన డొల్లలో వేడి కూడా పుట్టదు. అదనంగా పైసా ఖర్చు లేదు, రెసిస్టరు సైజు ఒక్కటే మారింది, నౌక మాత్రం నా కళ్ల ముందే పదింతలు పెద్దదైంది.

ఒక తప్పు మాత్రం చెప్పి తీరాలి, ఎందుకంటే ఇంకొకరికి జరగకూడదు. రెండో నౌకలో ఆరు ఎల్ఈడీలని పక్కపక్కనే కలిపి అన్నిటికీ ఒకే రెసిస్టరు పెట్టాను. మొదట్లో అన్నీ సమంగా వెలిగాయి. కానీ ఒకే ప్యాకెట్లో వచ్చినవైనా ఏ రెండు ఎల్ఈడీలూ ఒకేలా ఉండవు, ఒకదానికి 3.1 చాలు, ఇంకోదానికి 3.3 కావాలి. తక్కువ చాలినది ఎక్కువ కరెంటు లాక్కుంటుంది, వేడెక్కుతుంది, వేడెక్కేసరికి దానికి ఇంకా తక్కువ వోల్టులు చాలుతాయి, ఇంకా లాక్కుంటుంది. మూడు వారాలకి అది పోయింది. దాని వాటా మిగతా ఐదింటి మీద పడింది, వాటిలో బలహీనమైనది తర్వాత పోయింది. అప్పటికి పై చిప్ప, కింది చిప్ప అతికించి, రంగులేసి, అక్షరాలు అంటించడం కూడా అయిపోయింది. రంపంతో కోయాల్సి వచ్చింది. ఇప్పుడు ఎన్ని ఉంటే అన్నిటికీ దేని రెసిస్టరు దానికే. అతికించే ముందు మూడు రోజులు, రాత్రీ పగలూ, వెలిగించి ఉంచుతాను.

సోల్డరింగ్, అంటే లెడ్డు (టంకం) కరిగించి వైర్లు అతికించడం, మా నాయన నేర్పించాడు, రేడియోలు టేప్‌రికార్డర్లు బాగుచేసేవాడు. "లెడ్డుని కాదు, అతుకుని వేడి చెయ్యి, లెడ్డు తనంతట తనే వస్తాది" అనేవాడు. సోల్డరింగ్ ఐరన్ కొస మూడు వందల డిగ్రీలు దాటి ఉంటుంది, ఈ ప్లాస్టిక్ వంద దగ్గరే మెత్తబడుతుంది, కాబట్టి అతుకులన్నీ బయటే వేసుకుని తర్వాత లోపల అమర్చాలి. వైరు కోసం ఎక్కడెక్కడో వెతకక్కర్లేదు, ఫ్యాన్ వైండింగ్ చేసే దుకాణంలో 36 గేజీ రాగి వైరు తూకం మీద ఇస్తారు. మందం మిల్లీమీటరులో ఐదో వంతు కూడా ఉండదు, పైన పూత ఉంటుంది కాబట్టి ఇరవై కలిపినా పుల్లంత లావు కాదు. కొసలు మాత్రం బ్లేడుతో గీకాలి, లేకపోతే లెడ్డు పట్టదు.

ఆ వైండింగ్ దుకాణంలో ఉండే నా స్నేహితుడే నాతో ఎక్కువ వాదిస్తాడు. "ఏం మామా, ఇంత కష్టపడి లైట్లు పెట్టి మళ్లా మబ్బు చేస్తావెందుకు? ఇంకో నాలుగు పెట్టు, రిమోట్‌తో రంగులు మారేది పెట్టు, జిగేల్మంటాది" అంటాడు. వాడి మాటలో న్యాయం లేకపోలేదు. వినాయక చవితి పందిరికి వాడే లైటింగ్ చేస్తాడు, వీధి చివర నుంచి జనాన్ని పిలవాలంటే అంత వెలుగు ఉండాల్సిందే, అక్కడ మసకగా పెడితే అది తప్పు. కానీ నౌక ఎవరినీ పిలవడం లేదు. అది తన దారిన తాను పోతోంది, లోపల నాలుగు వందల మంది ఎవరి పని వాళ్లు చేసుకుంటున్నారు, మనం దూరం నుంచి చూస్తున్నాం. ఆ దూరాన్ని చూపించాలి. రంగులు మారే స్ట్రిప్ పెడితే ఆ దూరం ఒక్క క్షణంలో పోతుంది.

రంగు విషయంలో కూడా అంతే. తెల్ల ఎల్ఈడీ అంటున్నాం గానీ లోపల ఉన్నది నీలం చిప్పు, దాని మీద పసుపు పొడి పూత. ఆ నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకే 2014లో ముగ్గురు శాస్త్రవేత్తలకి భౌతికశాస్త్రంలో నోబెల్ ఇచ్చారు. చౌక రకాల్లో ఆ నీలం ఛాయ బయటపడి నౌక ఆసుపత్రి వార్డులా కనపడుతుంది. అప్పటి స్టూడియోల్లో ఉన్నవి ఫిలమెంటు బల్బులు, పసుపు కలిసిన వెలుగు. అందుకని నేను వార్మ్ వైట్ మాత్రమే కొంటాను.

ఇంకొందరు ఫోన్లో ఫొటో బాగా రావాలని వెలుగు పెంచుతారు. ఫోను చీకటిని భరించలేదు, దానంతట అదే ఎక్స్‌పోజర్, అంటే లోపలికి తీసుకునే వెలుగు, పెంచేసి కిటికీలన్నీ తెల్ల మచ్చలు చేస్తుంది. తెర మీద వేలితో నొక్కి పట్టుకుని వెలుగు కిందికి లాగితే చాలు. సినిమావాళ్లకే ఒక్క షాట్‌లో ఇది కుదిరేది కాదు. 1970ల చివర్లో కంప్యూటర్ నడిపే కెమెరాలు వచ్చాక ఒకే కదలికని మళ్లీ మళ్లీ తీస్తూ, నౌక శరీరం ఒకసారి, లోపలి దీపాలు ఇంకోసారి, వేరే ఎక్స్‌పోజర్‌తో తీసి కలిపేవాళ్లు. దీపాలు అంత మసకగా ఉండేవి మరి.

ఆరిపోతూ వెలిగే దీపాల గురించి క్లుప్తంగా చెప్తాను. ఎడమ ఎరుపు, కుడి ఆకుపచ్చ, విమానాలకి ఉన్న పద్ధతే. దీపాన్ని వరసగా వెలిగించి ఆర్పడానికి 555 ఐసీ సరిపోతుంది, 1972 నుంచి మార్కెట్లో ఉన్న చిప్పు, ఇప్పటికీ టీ ఖర్చుతో దొరుకుతుంది. 10 కిలో ఓమ్‌లు, 68 కిలో ఓమ్‌ల రెసిస్టర్లు, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ పెడితే దాదాపు సెకనుకి ఒకసారి వెలిగి ఆరుతుంది. అంతకన్నా వేగంగా కొట్టుకుంటే బొమ్మ కారు గుర్తొస్తుంది. పెద్ద వస్తువు నిదానంగానే ఉండాలి.

ఐదో నౌక పోయిన దసరాకి పూర్తయింది. దానిలో మూడో వంతు కిటికీలని కావాలనే వెలిగించలేదు, కన్నం తొలిచి, లోపల నల్లరంగు పూసి వదిలేశాను. ఏవి వెలగాలో ఏవి ఆరాలో వరస లేకుండా ఉండాలని మా పాప చేత చీటీలు తీయించాను. రాత్రి హాల్లో లైటు ఆపి అవ్వని కుర్చీలో కూర్చోబెట్టి స్విచ్ వేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు. కళ్లజోడు తుడుచుకుని ముందుకి వంగి, వేలితో గాల్లోనే చూపిస్తూ "ఆ మూల ఇంట్లో దీపం లేదే, వాళ్లు ఊరికి పోయినారా?" అని అడిగింది. నిద్రపోతున్నారేమో అవ్వా అన్నాను. ఔనులే, పొద్దుపోయింది కదా, అనింది.

మరుసటి రోజు రాత్రి నేనొక్కణ్ణే కూర్చుని చూస్తుంటే కుడి ఇంజను కిందివైపు, దాన్ని నౌకకి కలిపే కొమ్ము అతికిన చోట, సన్నటి చార ఒకటి కనపడింది. అవ్వకి కనపడలేదు, మా ఇంట్లో ఇంకెవరికీ కనపడదు, నాకు మాత్రం ఇప్పుడు అటు చూస్తే ముందు అదే కనపడుతుంది. బయటి నుంచి రంగు పూస్తే అక్కడ మందం తేలుతుంది, లోపలి నుంచే పూయాలి, అంటే కొమ్ము దగ్గర కోయాలి. వైర్లు అక్కడ ఎటు నుంచి పోతున్నాయో నా పాత కాగితంలో గీసి ఉంది. సన్న రంపం బ్లేడు తెప్పించి పెట్టుకున్నాను.